గింజ కోసి చూపించి అమ్మే పిండి మిల్లు – విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర

రెండేళ్లకు పైగా ఈ మిల్లులోనే గోధుమలు కొని, అక్కడే పిండి పట్టించుకుని తెచ్చుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదు. మొన్న సంక్రాంతి ముందు జరిగినదాని తర్వాత మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. కొంచెం పొడుగ్గానే వస్తుంది. రోటీలకి, పూరీలకి పిండి కావాలనుకునేవాళ్లు మొదటి కొన్ని ముక్కలు చదివి వెళ్లిపోవచ్చు. ఇంట్లో బ్రెడ్డూ బన్నులూ చేసుకునేవాళ్లు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి, ఏడాదిపాటు ఈస్టునీ ఓవెన్నీ అనుమానించుకుంటూ నేను పడిన టెన్షన్ మీరు పడక్కర్లేదు.

మూడు లాంతర్ల దగ్గర ఆటో దిగి సందులోకి ఐదు నిమిషాలు నడవాలి. బోర్డు చిన్నది, దుమ్ము పట్టి ఉంటుంది, మర చప్పుడు విని వెళ్లిపోవడమే. లోపల మూడు మరలున్నాయి. గోధుమలకి రాతి మర విడిగా ఉంది, బియ్యం మినుములకి ఒకటి, కారం పసుపులకి ఇంకొకటి. గోడ వారగా ఐదారు గోధుమ బస్తాలు మూతి విప్పి పెట్టి ఉంటాయి. ఒక్కో దాని మీద అట్టముక్క గుచ్చి, సరుకు ఏ రాష్ట్రానిది, ఏ నెలలో దిగింది, కిలో ఎంత అని స్కెచ్ పెన్నుతో రాస్తారు. నేను ఈమధ్య వెళ్లినప్పుడు మామూలు గోధుమ 42, షర్బతి 60 ఉంది. పట్టినందుకు కిలోకి 8 రూపాయలు. చిల్లర దుకాణంలో ప్యాకెట్ పిండితో పోలిస్తే పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, చవక కోసం అయితే ఇంత దూరం రాకండి.

రోటీల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. షర్బతి తీసుకోండి. మధ్యప్రదేశ్ సీహోర్ వైపు నల్లరేగడి నేలల్లో పండేది, 2023లో సీహోర్ షర్బతికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గింజ బరువుగా, బంగారం రంగులో మెరుస్తుంది, రొట్టె కొంచెం తియ్యగా ఉండి సాయంత్రానికి కూడా మెత్తగానే ఉంటుంది. మా అత్తగారికి పళ్లు బాగా లేవు, ఆవిడ తినగలుగుతున్న రోటీ ఇదొక్కటే. పూరీకైనా ఉప్మా రవ్వకైనా ఇక్కడ ఏది కొన్నా నిరాశపడరు. ఇక నా అసలు గొడవ బ్రెడ్డుతో.

నేను దాసన్నపేటలో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద ఆటా బ్రెడ్డు, పాల బన్నులు చేసి ఇస్తాను. వారానికి ముప్పై నలభై లోఫులు, పండగలప్పుడు ఇంకొంచెం ఎక్కువ. మైదా కలపను, పిండిని సన్న జల్లెడలో జల్లించి పెద్ద పొట్టు మాత్రం తీసేస్తాను, అంతే. మైదా అయితే ఎలాగోలా పొంగుతుంది. గోధుమ పిండిలో మిగిలిన పొట్టు ఎప్పుడూ అడ్డం పడుతుంది, సాగుతున్న జిగురుని అది కోసేస్తుంది, కాబట్టి లోపల ఉన్న జిగురు గట్టిది కాకపోతే లోఫు లేవదు. ఇదివరకు వేరే ఊరి నుంచి ఒకరి దగ్గర బ్రెడ్డు పిండి అని తెప్పించుకున్నాను. ఒకసారి బ్రహ్మాండంగా వచ్చేది, ఇంకోసారి ఇటుకలా వచ్చేది. ఫోన్ చేసి అడిగితే మీ చేతిలోనే ఏదో తేడా ఉందమ్మా అన్నారు. ఆ మాట నమ్మి ఎన్ని రాత్రులు పిండి పిసికానో నాకే తెలుసు.

ఈ మిల్లుకి మారాక ఏడాదిన్నర పాటు హర్యానా గోధుమతో ఒక్క ఫిర్యాదూ లేకుండా గడిచింది. పోయిన డిసెంబరులో ఆ సరుకు అయిపోయి మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కొత్త బస్తా తెరిచారు. గింజ చూస్తే ముచ్చటేసింది, లావుగా, నిండుగా, ఒక్క తాలు గింజ లేకుండా ఉంది. పాతదానికన్నా ఇదే బాగుందనుకుని పది కిలోలు పట్టించుకున్నాను. సంక్రాంతి ముందు శుక్రవారం 14 లోఫుల ఆర్డరు. కొలతలన్నీ రోజూ వేసేవే, లోఫుకి 400 గ్రాముల పిండి, 280 గ్రాముల నీళ్లు, 8 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఈస్టు. కలుపుతుంటేనే చేతికి తేడా తెలిసింది. ముద్ద నిలబడటం లేదు, గిన్నెలో వాలిపోతోంది. టిన్నుల్లో సగం దాకా పొంగింది, ఓవెన్లో పెట్టగానే పైన చీలి కూర్చుండిపోయింది. ఎప్పుడూ పది సెంటీమీటర్ల పైన ఉండే లోఫు ఏడు కూడా లేదు. పద్నాలుగూ అంతే. ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇస్తానని చెప్తుంటే గొంతు వణికింది నాకు.

మర్నాడు ఒక లోఫు సంచిలో వేసుకుని మిల్లుకి వెళ్లాను. నాన్న గజపతినగరం దగ్గర పల్లె నుంచి పండక్కి వచ్చి ఉన్నాడు, తనూ కూడా వచ్చాడు. మిల్లు యజమాని లోఫుని తిప్పి చూసి, "ఏటమ్మా, ఈస్టు పాతదేమో?" అన్నాడు. "కాదన్నయ్యా, ఆ ఈస్టుతోనే అదే రోజు మైదా బన్నులు చేశాను, అవి బాగా పొంగాయి" అన్నాను. ఇంకొకరైతే అక్కడితో వాదనకి దిగేవారు. ఈయన మర ఆపించి, "అయితే గింజ చూద్దాం, ఇలా రామ్మా" అని లోపలికి తీసుకెళ్లాడు. నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ తర్వాత పావుగంట.

పాత హర్యానా గోధుమలు అడుగున ఒక డబ్బాలో దాచి ఉంచాడు. ప్రతి సరుకులోంచీ అరకిలో అలా తీసి పెడతాడట. పాతవి ఇరవై గింజలు, కొత్తవి ఇరవై గింజలు చెక్క మీద వరసగా పేర్చి, కొత్త బ్లేడుతో ఒక్కొక్కటీ మధ్యకి అడ్డంగా కోశాడు. పాత గింజ లోపల ముదురు తేనె రంగులో, గాజుపెంకులా మెరుస్తోంది, బ్లేడు దిగుతుంటే టిక్కుమని చప్పుడు. కొత్త గింజ మెత్తగా తెగింది, లోపల సుద్దముక్కలా తెల్లగా ఉంది, కొన్ని సగం గాజు సగం సుద్ద. లెక్కపెట్టాం. పాతవాటిలో ఇరవైకి మూడు సుద్దవి, కొత్తవాటిలో పదకొండు. పై నుంచి చూసినప్పుడు కొత్త గింజల మీద లేత పసుపు మచ్చల్లా కనిపించాయి, అవి ఎందుకో నాకు అప్పుడు అర్థమయింది. నాన్న వంగి చూసి, "మన బియ్యంలో పొట్ట తెలుపు లాంటిది" అన్నాడు. బియ్యంలో పొట్ట తెలుపుకి కారణాలు వేరే ఉంటాయి గానీ చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. గోధుమలో ఈ పసుపు మచ్చ గింజ నిండేటప్పుడు నత్రజని చాలలేదని చెప్పే గుర్తు. పిండి పదార్థం నిండుగా చేరింది, దాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్ చేరలేదు, మధ్యలో గాలి ఖాళీలు మిగిలిపోయి తెల్లగా కనిపిస్తుంది.

అప్పుడు నాన్న అడిగిన ప్రశ్న నాకెప్పటికీ తట్టేది కాదు. "ఎకరాకి ఎన్ని కేజీల గింజ జల్లారట? యూరియా ఎప్పుడు వేశారట?"

మిల్లాయన వెంటనే సరుకు పంపిన మధ్యప్రదేశ్ వ్యాపారికి ఫోన్ చేసి తన హిందీలో అడిగాడు, స్పీకరు పెట్టాడు. కూలీలు దొరక్క, విత్తనం గొర్రు అందక చేత్తో జల్లేశారట, ఎకరాకి 60 కిలోల దాకా. యూరియా రెండు బస్తాలు, మొత్తం రెండో తడి లోపే వేసేశారు. పంట మాత్రం విరగపండింది, రైతు సంతోషంగా ఉన్నాడు, మీకేమైనా సరుకులో పురుగు కనిపించిందా అని ఆయన ఎదురు ప్రశ్న. పురుగేమీ లేదని చెప్పి పెట్టేశాం. నాన్న మాత్రం తల ఊపుతూ, "మరి అంతే, జనం ఎక్కువైపోయారు, కూడు చాల్లేదు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి కొంత చదివాను, మా తోడికోడలి తమ్ముడు నైరా వ్యవసాయ కాలేజీలో చదివాడు, అతన్ని కూర్చోబెట్టి అడిగాను. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే బ్రెడ్డు చేసేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

సకాలంలో విత్తే గోధుమకి మన దేశంలో చెప్పే మోతాదు హెక్టారుకి 100 కిలోలు, అంటే ఎకరాకి 40. వెయ్యి గింజలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే చదరపు మీటరుకి సుమారు 250 గింజలు పడతాయి. సాళ్ల మధ్య ఇరవై, ఇరవై రెండు సెంటీమీటర్లు. డిసెంబరులో ఆలస్యంగా విత్తితే పిలకలు సరిగా రావు కాబట్టి హెక్టారుకి 125 కిలోల దాకా వేసి, సాళ్లు దగ్గర చేస్తారు. ఈ లెక్కలు వరి రైతుకి చెప్పక్కర్లేదు. మన దగ్గర కూడా ఎద జల్లిన మడికీ ఉబాలు (నాట్లు) చేసిన మడికీ పిలకల్లో ఎంత తేడా ఉంటుందో అందరికీ తెలుసు. చిక్కగా జల్లితే ఒక్కో మొక్కకి పిలకలు తగ్గుతాయి, వెన్నులు మొత్తంగా ఎక్కువే వస్తాయి, కానీ వెన్నుకి గింజలు తగ్గుతాయి, చాలాసార్లు గింజ బరువు కూడా తగ్గుతుంది. కాండం సన్నబడి పొడుగ్గా సాగుతుంది, గాలివాన వస్తే చేను పడిపోతుంది. పడిపోయిన చేలో గింజ నిండదు, తడిసి మొలక కదిలితే ఇంకా నష్టం, ఆ పిండితో చేసిన బ్రెడ్డు లోపల బంకలా ఉండిపోతుంది. మరీ పలచగా జల్లినా మంచిది కాదు, వెనక వచ్చిన పిలకలు ఆలస్యంగా పండి, ఒకే బస్తాలో పెద్ద గింజా చిన్న గింజా కలిసిపోతాయి.

అయితే విత్తనం చిక్కదనం ఒక్కటే జిగురుని ఇంతగా పాడు చేయదు. దాని ప్రభావం రకాన్ని బట్టి, నేలను బట్టి, ఆ ఏటి వాతావరణాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల అసలు తేడానే కనబడదు. అసలు పెత్తనం నత్రజనిది, యూరియాలో ఉండేది అదే. ప్రొటీన్ అనేది నత్రజని లేనిదే తయారు కాదు, ప్రయోగశాలలో గోధుమ ప్రొటీన్ లెక్క కట్టేది కూడా గింజలోని నత్రజనిని కొలిచి 5.7తో హెచ్చించే. గింజలో రెండు శాతం నత్రజని ఉంటే ప్రొటీన్ 11.4 శాతం అన్నమాట. గింజలోకి చేరే నత్రజనిలో ఎక్కువ భాగం పూతకి ముందే మొక్క తీసుకుని ఆకుల్లో, కాండంలో దాచుకున్నది, గింజ పాలు పోసుకునేటప్పుడు అక్కణ్ణుంచి కిందా మీదా అంతా ఖాళీ చేసి వెన్నుకి పంపిస్తుంది. చేలో వెన్నులు ఎక్కువై, గింజ విపరీతంగా పండి, వేసిన యూరియా మాత్రం అంతే ఉంటే, ఉన్న నత్రజని అన్ని గింజలకీ పంచుకోవాల్సి వస్తుంది. పాలు అంతే ఉండి చుట్టాలు పెరిగితే టీలో నీళ్లెక్కువ పోస్తామే, అలాగ. పంట పెరుగుతుంది, ప్రొటీన్ పలచనవుతుంది. మా బస్తాలో జరిగింది ఇదే అని నా నమ్మకం: చిక్కగా జల్లిన చేను, యూరియా అంతా ముందే తినేసి పిలకల మీద ఖర్చు పెట్టేసింది, గింజ నిండే వేళకి నేలలో ఏమీ మిగల్లేదు.

యూరియా ఎంత వేశారన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు వేశారన్నది అంతే ముఖ్యం. మొదట్లో, అంటే విత్తేటప్పుడూ, 21 రోజులకి ఇచ్చే మొదటి తడిలోనూ వేసింది పిలకలకీ వెన్నులకీ పోతుంది, దిగుబడి పెంచుతుంది. పోటాకు (వెన్నుకి ముందొచ్చే ఆఖరి ఆకు) వచ్చాక, పూత ముందు వేసింది దిగుబడికి పెద్దగా కలవదు గానీ ప్రొటీన్‌ని పెంచుతుంది. నాన్నకి ఇది నమ్మించడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే మన వరిలో చిరుపొట్ట (కాండం లోపల వెన్ను పుట్టే దశ) దాటాక యూరియా వేస్తే దోమకి, పాముపొడ తెగులుకి విందు పెట్టినట్టే అని ఆయన జీవితమంతా చూశాడు. గోధుమలో కూడా అతిగా వేస్తే చేను పడిపోవడం, కోత ఆలస్యం కావడం ఉంటాయి, వేసినదంతా మొక్క తినదు, కొంత గాలిలోకి పోతుంది, కొంత నీళ్లతో పాటు భూమిలోకి దిగిపోయి బావి నీళ్లని పాడు చేస్తుంది. అందుకే మోతాదు హెక్టారుకి 120 నుంచి 150 కిలోల నత్రజని అని చెప్పి, దఫాలుగా వేయమంటారు. 120 అంటే ఎకరాకి 48 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20 కిలోల పైచిలుకే నత్రజని ఉంటుంది కాబట్టి, డీఏపీ ఎరువులో వచ్చేది తీసేయగా రెండు బస్తాలు దగ్గర దగ్గర సరిపోతాయి. మధ్యప్రదేశ్ రైతు వేసింది తక్కువేమీ కాదు, చెప్పిన మోతాదే వేశాడు. గింజ మాత్రం ఒకటిన్నర రెట్లు జల్లాడు, యూరియా మొత్తం ముందే పోశాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. 2025-26 రబీ మార్కెట్ సీజనుకి గోధుమ మద్దతు ధర క్వింటాలుకి 2,425 రూపాయలుగా ఉండేది, గింజలో ప్రొటీన్ పది ఉన్నా పదమూడు ఉన్నా ఒకటే. బ్రిటన్‌లో బ్రెడ్డు గోధుమ కొనే మిల్లులు 13 శాతం ప్రొటీన్ అడిగి, అందకపోతే ధర కోస్తాయి, అందుకని అక్కడి రైతు ఆఖరి దఫా నత్రజని ఖర్చు పెట్టుకుంటాడు. ఇక్కడ కాటా మీద బరువుకే డబ్బు అయినప్పుడు రైతు బరువే పండిస్తాడు, అందులో ఏం తప్పుంది? పిల్లల చదువుకీ పెళ్లిళ్లకీ ఆ బరువే కదా పనికొచ్చేది. మా నాన్న కూడా బియ్యం రుచి చూసి ఏ రకం వేయాలో ఎప్పుడూ నిర్ణయించలేదు, ధాన్యం కొనేవాడు ఏది అడిగితే అదే వేశాడు.

ఇక ఇంట్లో నేను చేసిన పరీక్ష చెప్తాను, ఎవరైనా చేసుకోవచ్చు. జల్లించిన పిండి 100 గ్రాములు, నీళ్లు 60 గ్రాములు కలిపి గట్టి ముద్ద చేసి అరగంట నీళ్లలో ముంచి ఉంచాలి. తర్వాత కుళాయి సన్నగా విప్పి, కింద జల్లెడ పెట్టి, ముద్దని వేళ్లతో మెల్లగా పిసుకుతూ కడగాలి. తెల్లటి పాలలాంటి నీళ్లు పోతుంటాయి, అది గంజి, అంటే పిండి పదార్థం. పది పన్నెండు నిమిషాలకి నీళ్లు తేటగా వస్తాయి, చేతిలో చూయింగ్ గమ్ లాంటి ముద్ద మిగులుతుంది. బ్రెడ్డుని నిలబెట్టే జిగురు అదే, దాని పేరే గ్లూటెన్. పాత హర్యానా పిండికి 31 గ్రాములు మిగిలింది. రెండు చేతులతో లాగితే జానెడు సాగి వదిలితే వెనక్కి ముడుచుకుంది. కొత్త నిండు గింజల పిండికి 22 గ్రాములే, అదీ లాగగానే తెగిపోయింది. అంత లావు గింజ అంత తక్కువ జిగురు ఇస్తుందని కళ్లారా చూడకపోతే నేనూ నమ్మను.

మిల్లాయన మూడో రకం కూడా ఊరికే ఇచ్చాడు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చింది, చెరకు కొట్టాక ఆలస్యంగా విత్తినది.  గింజ సన్నగా, ముడతలు పడి ఉంది. కుంచంతో కొలిచి రెండూ తూచి చూపించాడు, ఒకే కుంచానికి ఇది హర్యానా గోధుమ కన్నా బాగా తేలిక. మార్చి ఎండలకి గింజ నిండకుండానే పండిపోతే ఇలా అవుతుంది, 2022 మార్చిలో ఉత్తరాదిన వడగాడ్పులు కొట్టి గింజ ముడుచుకుపోయింది, ఆ ఏడాది మే 13న గోధుమ ఎగుమతులు ఆపేసింది కేంద్రం, గుర్తుండే ఉంటుంది. ఈ పిండికి జిగురు 33 గ్రాములు తూగింది. సంబరపడ్డాను. తీరా లాగితే బిగువు లేదు, జావలా వేలాడింది, లోఫు పక్కకి పొంగింది గానీ పైకి లేవలేదు. గంజి సరిగా చేరని గింజలో ప్రొటీన్ శాతం ఎక్కువ కనిపిస్తుంది, కానీ ఎండ దెబ్బకి ఆ ప్రొటీన్ కుదుర్పే మారిపోతుంది. జిగురులో రెండు భాగాలుంటాయి, ఒకటి సాగడానికి, ఒకటి బిగువుకి, రెండూ సమపాళ్లలో ఉంటేనే గాలి బుడగ నిలుస్తుంది. నేలలో గంధకం తక్కువైనా ఆ సమతూకం చెడుతుందట. ప్యాకెట్ మీద ప్రొటీన్ ఇన్ని గ్రాములు అని చూసి బ్రెడ్డు పిండి కొనడం నేను అప్పటి నుంచి మానేశాను.

ఆ పది కిలోల్లో మిగిలిన నాలుగు కిలోలకి డబ్బు వెనక్కి ఇవ్వమని నేను అడగలేదు. ఆయనే షర్బతి ఐదు కిలోలు ఇచ్చి పంపించాడు. ఆ మెత్తటి పిండిని పారేయలేదు, రోటీలకీ బిస్కెట్లకీ చాలా బాగా పనికొచ్చింది. బ్రెడ్డుకి వాడక తప్పకపోతే నీళ్లు 280 నుంచి 250కి తగ్గించి, పిండీ నీళ్లూ మాత్రం ముందు కలిపి అరగంట నాననిచ్చి, ఆ తర్వాత ఉప్పూ ఈస్టూ వేసి, పొంగే టైము మూడో వంతు తగ్గించండి. తొమ్మిది సెంటీమీటర్ల దాకా వస్తుంది. హర్యానా పిండితో సగం సగం కలిపితే ఇంకా మేలు.

లోపాలు కూడా చెప్పాలి. మర వేగంగా తిప్పినప్పుడు పిండి చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తుంది, సంచి మూతి కట్టేసి తెస్తే లోపల చెమ్మ పడుతుంది, ఎండాకాలం అయితే ఆ వేడి పిండితో ఈస్టు మరీ తొందరపడుతుంది. నెమ్మదిగా తిప్పమని ముందే అడగాలి, ఇంటికొచ్చి పేపరు మీద పల్చగా పరవాలి. అట్టముక్క మీద రాష్ట్రం పేరు రాస్తున్నారు గానీ ఎలా పండించారో రాయడం లేదు, అది అడిగితేనే చెప్తారు. సరుకు మారినప్పుడు రోజూ కొనేవాళ్లకి ఒక మాట చెప్పి ఉంటే నా 14 లోఫులు పోయేవి కావు, ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఇప్పుడు కొత్త బస్తా విప్పితే ఫోన్ చేస్తున్నారు. సాయంత్రం ఆరు తర్వాత రద్దీ, కూర్చోడానికి చోటుండదు, పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. నా లెక్కలో ఐదుకి నాలుగున్నర.

బ్రెడ్డుకని వెళ్లేవాళ్లు గింజ కోసి చూపించమని అడగండి, విసుక్కోరు. కొత్త హర్యానా సరుకు ఉగాది దాటాకే దిగుతుందట. ఈసారి సాళ్లలో విత్తిన చేలదీ, యూరియా మూడు దఫాలు వేసినదీ చూసి పంపమని ఆయన వ్యాపారికి చెప్పాడు, నా ముందే. మంగళవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు కారం పట్టిస్తారు, ఆ ఘాటులో గోధుమ వాసన చూడలేరు.